కాలువపాలగు కోడియీకలు

సంపాదకీయ స్తంభమున కోడియీకలను గూర్చి వ్రాయుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. ఎన్నికలు, ధరలు, పంటలు, నీటి తగవులు – వీనిని గూర్చి వ్రాయవలసిన చోట ఈ నీచవస్తు వేల యని అడుగవచ్చును. కాని ఒక దేశపు ప్రజల వివేకము వారు దాచుకొను వస్తువులలో కనబడినట్లే పారవేయు వస్తువులలో కూడ కనబడును. మన పట్టణములలో అందఱి కన్నుల యెదుట పడియుండియు ఎవ్వరి దృష్టికిని రాని వస్తువు కోడియీక. దానివలన మనకు కలుగుచున్న నష్ట మెంత, రాదగిన లాభ మెంత యని పాఠకులతో కలిసి విచారింపవలెనని మా యుద్దేశము.

ఏ పట్టణమునకైనను ఆదివారము ఉదయమున పోయి చూడుడు. కోడిమాంసపు దుకాణముల యెదుట జనము గుమిగూడియుందురు. దుకాణము వెనుక నున్న ప్లాస్టిక్కు పీపాలో ఈకలు, తోలు, ప్రేగులు, రక్తము కలగలిసి నిండుచుండును. మధ్యాహ్నమునకు జనము తమ తమ యిండ్లకు పోవుదురు. పీపా మాత్రము అక్కడనే యుండును. చీకటి పడిన తరువాత ఎవరో యొకరు దానిని ఎక్కడికో తీసికొనిపోవుదురు. ఎక్కడికని అడిగినవారు అరుదు. మాంసమును గూర్చి ధర, తూకము, తాజాతనము అన్నియు విచారించు మనము, అదే కోడినుండి వచ్చిన మిగిలిన భాగము ఏమైనదని విచారింపము.

ఇది చిన్న విషయము కాదని లెక్కలే చెప్పుచున్నవి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారము భారతదేశమున కోళ్లు మొదలగు పెంపుడు పక్షుల సంఖ్య 85 కోట్లకు పైబడినది. అందు తమిళనాడు మొదటిది. దాని వెనువెంటనే సుమారు 10 కోట్ల 79 లక్షలతో ఆంధ్రప్రదేశము, సుమారు 8 కోట్లతో తెలంగాణము నిలిచినవి. ఇది గణననాటి తలల లెక్క మాత్రమే. బ్రాయిలరు కోడి ఆఱేడు వారములలోనే కత్తికి సిద్ధమగును గనుక, ఒక్క షెడ్డు ఏడాదిలో ఐదాఱు తడవలు నిండుచు ఖాళీ యగుచుండును. కోడి సజీవభారములో నూటికి ఐదు మొదలు ఏడు పాళ్ల వఱకు ఈకలే. పెరటిలో పది కోళ్లు తిరుగుచున్న నాడు ఈకలు సమస్య కాలేదు. అవి పెంటపోగులో పడి కాలక్రమమున మట్టిలో కలిసెడివి. 1970 తరువాత కోళ్లపెంపకము మన ప్రాంతమున పెద్ద పరిశ్రమయై, గోదావరి జిల్లాల నుండి హైదరాబాదు పరిసరముల వఱకు షెడ్లు బారులు తీరినవి. 1982లో గ్రుడ్ల ధరలకై రైతుల సమన్వయ సంఘ మేర్పడినది. కోళ్ల జాతులకై రాజేంద్రనగరమున కేంద్ర పరిశోధన సంస్థ వెలసినది. దాణాకు, టీకాకు, పిల్లలకు, గ్రుడ్లకు, మాంసమునకు – అన్నిటికిని శాస్త్రము వచ్చినది. ఈకకు మాత్రము నేటికిని కాలువయే గతి.

కాలువ యనుట కూడ పూర్తిగా నిజము కాదు. ఈకలకు మనము కల్పించిన గతులు నాలుగు. మొదటిది మురుగుకాలువ. ఈక నీటిలో కరగదు, త్వరగా కుళ్లదు. ప్లాస్టిక్కు సంచులతో పెనవైచుకొని చిన్న ఆనకట్టవలె నిలుచును. తొలకరి వానకే వీధి చెరువగును. అప్పుడు ఆ కాలువలో దిగి చేతులతో ఆ ముద్దను పెకలించువాడు మాంసము కొన్నవాడు కాడు, అమ్మినవాడును కాడు. పట్టణమునందెల్ల మిక్కిలి తక్కువ జీతము పొందుచున్న పారిశుద్ధ్య కార్మికుడు. రెండవది ఊరి వెలుపలి పల్లము. చెరువుగట్లు, రహదారి ప్రక్కలు, వంతెనల క్రింది చీకట్లు కోడి వ్యర్థములకు నిలయములైనవి. అచ్చట కుక్కల గుంపులు చేరును. ఆ కుక్కలే సాయంకాలము బడినుండి వచ్చు పిల్లల వెంట పడును. మూడవది నిప్పు. ఈకలో గంధక మున్నది గనుక దానిని కాల్చినపుడు లేచు కంపు వాడవాడనెల్ల ముంచును.

నాల్గవది అన్నిటికంటె ఎక్కువగా దాచబడుచున్నది. కొల్లేటి పరిసరములలోను, కృష్ణా గోదావరి మండలములలోను, కొన్ని చేపల చెరువులకు కోడి వ్యర్థములను రాత్రివేళ లారీలతో తోలుచున్నారు. ప్రభుత్వము దీనిని నిషేధించినది. అధికారులు అప్పుడప్పుడు బండ్లను పట్టుకొనుచున్నారు. వ్యాపారము మాత్రము ఆగలేదు. చేప ప్రేగులను తినును, ఈక చెరువు అడుగున మిగులును, నీరు చెడును. ఆ చేప మరల మన పట్టణమునకే వచ్చును. మనము వెనుకవాకిట పారవేసిన దానిని ముందువాకిట డబ్బిచ్చి కొనుచున్నాము.

ఇంతకును ఈక యన నేమి? ఎండిన ఈకలో నూటికి సుమారు 90 పాళ్లు మాంసకృత్తే. దానికి కెరాటిన్ అని పేరు. మన వెంట్రుకలు, గోళ్లు, పశువుల కొమ్ములు, గిట్టలు, గొఱ్ఱెల ఉన్ని – అన్నియు ఈ కుటుంబములోనివే. పప్పులోను, పాలలోను ఉండు మాంసకృత్తులు మన పొట్టలో సులభముగా విడిపోవును. కెరాటిన్ అట్లు విడిపోదు. దాని పోగులు ఒకదానిపై నొకటి గట్టిగా పేనబడి, నడుమ నడుమ గంధకపు లంకెలతో బంధింపబడియుండును. మడతమంచపు నులకను ముడికొక తీగెతో కట్టినట్లుండును ఆ నిర్మాణము. వానకును, ఎండకును, గాలికిని తట్టుకొని పక్షి ఎగురవలెనుగదా; అందులకై ప్రకృతి కల్పించిన పటుత్వమది. పక్షికి ప్రాణరక్షకమైన ఈ పటుత్వమే పక్షి చచ్చిన తరువాత మనకు పీడ యైనది. కడుపులోని జీర్ణరసములకు లొంగని వస్తువు కనుక, ఈకను పొడిచేసి పశువునకు పెట్టినను అది తిన్నది తిన్నట్లే బయటకు పోవును.

అయినను ఒక ప్రశ్న మిగులును. భూమిమీద పక్షులు పుట్టి కోట్ల సంవత్సరములైనది. అవి ఏటేట ఈకలు రాల్చుచునే యున్నవి. ఈక నిజముగా నశింపనిదే యైనచో ఈపాటికి అడవులన్నియు ఈకల క్రింద పూడిపోయి యుండవలెను. పోలేదు. ఏలన ఈకను తిని బ్రతుకువారు నేలలోనే యున్నారు. వారు కంటికి కనబడని సూక్ష్మజీవులు. ముఖ్యముగ బాసిల్లస్ అను బాక్టీరియా జాతివారు. 1999లో బర్ట్, ఇచిడా అను అమెరికా శాస్త్రవేత్తలు అడవిపక్షులను పట్టి పరీక్షింపగా, ఈకను కరగించు ఈ బాసిల్లస్సులు సజీవపక్షుల ఈకలపైనే కనబడినవి. ఈకతోపాటే దానికి అంత్యక్రియలు జరుపువాడు కూడ పుట్టియున్నాడన్నమాట.

ఈ సేవకుని మనుష్యుడు గుర్తించిన విధము తెలిసికొనదగినది. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయమున జేసన్ షి అను ఆచార్యుడు కోళ్ల పెంటనుండి వంటవాయువు తీయుటకై, మన గోబరుగ్యాసు తొట్టి వంటి దానినే యొకదానిని కట్టించి నడుపుచుండెను. పెంటతోపాటు తొట్టిలో పడిన ఈకలు కొంతకాలమునకు మాయమగుచుండెను. వేఱొకరు దానిని చూచియు చూడనట్లు పోయియుందురు. ఆయన 'ఈకలు ఏమైనవి?' అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగా ఆ తొట్టినుండి బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అను బాక్టీరియము వేఱుచేయబడినది. 1990లో విలియమ్సు, షి మొదలగువారు ఆ సంగతిని ప్రకటించిరి. రెండేండ్లకు ఆ జీవి స్రవించు కెరాటినేజ్ అను ఎంజైమును శుద్ధిచేసిరి. తరువాత దానికి మూలమైన జన్యువును గుర్తించిరి. నేడు ఆ ఎంజైము కోళ్లదాణాలో కలుపు సరుకుగా అమ్ముడుపోవుచున్నది. కంపుకొట్టు తొట్టిలో ఈక ఏమైనదని అడిగినందులకు వారికి ఒక పరిశ్రమ లభించినది.

ఈ జీవి పనిచేయు విధము సామాన్యుడు గ్రహింపరానిది కాదు. వెచ్చని నీటిలో ఈకలను వేసి ఈ బాక్టీరియమును విడిచినచో, అది ఈకపై చేరి స్రావములను విడుచును. మొదట గంధకపు లంకెలు తెగును. పేనిన పోగులు వదులగును. అంతట కెరాటినేజ్ ఆ పోగులను తునుకలు తునుకలుగా కోయును. కొలది దినములలో ఈక ఆకారము పోయి, నీరు పసుపువన్నె రసమగును. అందు మాంసకృత్తుల ముక్కలును, అమైనో ఆమ్లములును ఉండును. షి గారు కనుగొనిన జీవికి 45 మొదలు 50 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి హితము. మన వేసవి మధ్యాహ్నమునకు అది ఎంతో దూరము కాదు. బాగుగా పేర్చిన కంపోస్టు కుప్ప నడుమ అంతకు మించిన వేడిమియే పుట్టును.

ఇప్పుడు లోకమున పెద్ద కర్మాగారములవారు ఈకలను వేఱొక విధముగ సాధించుచున్నారు. గట్టి పాత్రలలో బంధించి, ఆవిరితో, మిక్కిలి ఒత్తిడితో ఉడికించి, ఎండబెట్టి పిండి చేయుదురు. దీనికి ఇంధనము విశేషముగ కావలెను. ఉడుకు మించినచో ఈకలోని మేలిరకపు అమైనో ఆమ్లములు కొన్ని చెడును; ఉడుకు చాలనిచో పిండి అరగదు. బాక్టీరియా మార్గమున ఇంత నిప్పు అక్కఱలేదు. అయినను దానిని మితిమీరి పొగడుట మా యుద్దేశము కాదు. ఈకలోనే లైసిన్, మెథియొనిన్ వంటి కొన్ని అమైనో ఆమ్లములు తక్కువ. ఏ జీవియు లేనిదానిని పుట్టింపజాలదు. షి గారి బృందమువారు ఈకరసమును కోడిపిల్లలకు మేపి చూచినపుడు, ఆ లోటును వేఱుగా పూరించిన తరువాతనే సోయాచెక్కతో సమానమైన పెరుగుదల కనబడినది. కనుక ఈక సోయాకు తోబుట్టువు కాగలదు గాని దానిని త్రోసివేసి ఆ స్థానమున కూర్చుండజాలదు.

ఇక లాభమును లెక్కింతము. మధ్యతరగతి దుకాణ మొకటి దినమునకు రెండేసి కిలోల కోళ్లు 50 అమ్మునని యనుకొందము. 100 కిలోల సజీవభారమున నూటికి ఐదు పాళ్ల చొప్పున తీసికొన్నను దినమునకు 5 కిలోలు, నెలకు 150 కిలోల ఈకలు. మాంసకృత్తు పుష్కలముగ నుండుటచేత ఎండిన ఈకలో నూటికి సుమారు 13 పాళ్లు నత్రజని యుండును. అనగా నెలకు దాదాపు 20 కిలోల నత్రజని. మన రైతు కొను 45 కిలోల యూరియా బస్తాలో ఉన్న నత్రజనియు ఇంచుమించు ఇంతే. ఒక చిన్న దుకాణము నెలకొక యూరియా బస్తాను మురుగుకాలువలో పోయుచున్నది! పట్టణమున నూఱు దుకాణము లున్నచో నూఱు బస్తాలు. శుద్ధిచేయునపుడు అందు కొంత గాలిపాలగును. దానిని తీసివేసినను మిగులునది తక్కువ కాదు.

ఈ నత్రజని ఎక్కడినుండి వచ్చినది? కోడి దానిని గాలినుండి తీయలేదు. రైతు పండించిన మొక్కజొన్న, సోయా దాణాగా మారి, కోడి కడుపున పడి, ఈకయై మొలిచినది. పొలముననుండి బయలుదేరినది పొలమునకు పోవుట ధర్మము. అది మధ్యదారిలో మురుగుపాలగుచుండగా, అదే పొలమునకై విదేశములనుండి యూరియాను, దానికి కావలసిన వాయువును ఓడలలో తెప్పించుకొనుచున్నాము. చేతిలో వెన్నముద్ద పెట్టుకొని నేతికై ఊరెల్ల తిరుగుట యనిన ఇదియే.

ఎరువొక్కటే లాభము కాదు. తోళ్లను పదునుచేయువారు వెంట్రుకలను ఊడదీయుటకు సున్నమును, సోడియం సల్ఫైడును వాడుదురు. ఆ నీరు ఏ వాగున కలిసిన ఆ వాగు చచ్చును. ఆ పనిని ఎంజైములతో చేయు పద్ధతులపై పరిశోధనలు మద్రాసున 1948లో నెలకొల్పిన కేంద్ర చర్మపరిశోధన సంస్థలోను, ఇతర దేశములలోను జరిగినవి. కెరాటినేజ్ అందులో చేరదగిన పనిముట్టు. ఆ సంస్థను లోకప్రసిద్ధము గావించిన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ. తోలుపని నీచమని పదిమంది తలచిన కాలమున ఆయన దానిని శాస్త్రముగను, పేదవాని కూడుగను చేసి చూపెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనాలయముననే, మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు 1948లో లోకమునకు అందినది. పిడికెడు మట్టిలో ఔషధమున్నదని నమ్మి పనిచేసిన వాని జన్మస్థలమున నేడు చేపల చెరువుల గట్లపై కోడి వ్యర్థముల బస్తాలు దిగుచుండుట చూచినచో మనకు చింత కలుగవలదా?

మన దేశమున ఈ విద్య లేదని యెవ్వరును అనరాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున రాణీ గుప్త గారును, ఆమె శిష్యులును కెరాటినేజులపై చేసిన కృషి అంతర్జాతీయ పత్రికలలో ప్రకటింపబడినది. ఈకలను త్వరితముగ పిండిగా మార్చు బాసిల్లస్ జీవి యొకటి వారి ప్రయోగశాలనుండియే వచ్చినది. తమిళనాటి నామక్కల్ కోళ్లషెడ్ల మట్టినుండి ఈకను కరగించు బూజుజాతి సూక్ష్మజీవిని పరిశోధకులు తీసిరి. మన తెలుగునాటి కోళ్లషెడ్ల మట్టిలోను ఇట్టి జీవులుండక మానవు. పెరటి చెట్టు మందునకు పనికిరాదన్న సామెత మనపట్ల నిజమగుచున్నది. ప్రయోగశాలలోని సీసా కళాశాల గడప దాటుట లేదు. పట్టాకై వ్రాసిన గ్రంథము బీరువా దాటుట లేదు. విద్య ఒకచోట, వ్యర్థము వేఱొకచోట, అవసరము మఱియొకచోట – ఈ మూటిని కలుపువాడు లేకపోవుటయే మన దౌర్భాగ్యము.

ఆక్షేపణలు లేకపోలేదు. వానిని దాచిపెట్టి వాదించుట న్యాయము కాదు.

మొదటి ఆక్షేపణ ధర. ప్రభుత్వము రాయితీ యిచ్చి యూరియాను చౌకగా అమ్ముచుండగా ఈకల ఎరువును ఎవరు కొందురని అడుగుదురు. నిజమే. కాని ఆ చౌకదనము ప్రజల పన్నులనుండియే వచ్చుచున్నది. ఓడలో వచ్చిన నత్రజనికి రాయితీ యుండి, ఊరి కాలువనుండి తీసిన నత్రజనికి లేకపోవుట ఏమి న్యాయము? పైగా కాలువలు పూడుటవలన మునిసిపాలిటీకి అగు వ్యయము, రోగములవలన పేదలకు అగు వ్యయము ఏ లెక్కలోను చేరుట లేదు. వానిని కూడ కలిపి చూచినచో ఏది చౌక, ఏది ప్రియమో తేలును. ఈక ఎరువు యూరియావలె ఒక్క తడవ కరగి కొట్టుకొనిపోక, మెల్లమెల్లగా పైరునకు అందునను సంగతి తోటల రైతులు గమనింపదగినది.

రెండవ ఆక్షేపణ సేకరణ. పాశ్చాత్య దేశములలో వేలకొలది కోళ్లను ఒక్కచోట యంత్రములపై కోయుదురు. అచ్చట శుభ్రమైన ఈకలు ఒక్క రాశిగా లభించును. మన దేశమున వీధివీధిని చిన్న దుకాణములు. పైగా మనవారిలో చాలమంది తోలు తీసిన మాంసమును కోరుదురు గనుక, ఈక తోలుతోను, క్రొవ్వుతోను కలిసి ఊడివచ్చును. ఈ ముద్దనుండి ఈకను వేఱుచేయుట కష్టము. ఈ కష్టము ఉన్నది గనుకనే విదేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు దింపుకొనుటకు వీలులేదని మేము చెప్పుచున్నాము. మన దుకాణములకు తగిన పద్ధతి మన ఇంజనీర్లే, మన శాస్త్రజ్ఞులే కట్టవలెను. ఈకతో వచ్చు తోలును, క్రొవ్వును కూడ కలుపుకొని పనిచేయు మార్గము వెదకవలెను.

మూడవది అన్నిటికంటె గంభీరమైనది: ఆరోగ్యము. కోడికి పెట్టిన మందుల శేషము ఈకలో నిలుచును. 2012లో అమెరికా పరిశోధకులు 12 ఈకపిండి నమూనాలను పరీక్షింపగా అన్నిటను ఔషధశేషములు కనబడినవి. కోళ్లకు వాడరాదని అక్కడ 2005లోనే నిషేధించిన మందుల జాతి సైతము కొన్నిటిలో కనబడినది. మన కేంద్రప్రభుత్వము కోలిస్టిన్ అను మందును ఆహారపు పశుపక్షులకు పెట్టరాదని 2019లో నిషేధించినది. అట్టి ఆజ్ఞలు కాగితముపై నిలిచిపోయినచో ఈకయే సాక్ష్యము చెప్పును. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణమై కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చినది. రోగపు కోడి ఈకను ఏ పరిశ్రమలోను చేర్చరాదు. ఒక జంతువు శేషమును ఆలోచన లేక మరల జంతువునకే మేపిన ఫలము బ్రిటనులో 1986 తరువాత పశువుల పిచ్చిరోగ రూపమున లోకము చూచినది. కనుక మా అభిప్రాయ మిది: ఈకనుండి తీసినది మొదట పొలమునకు పోవలెను. దాణాలోనికి వచ్చుట పరీక్షలు, నియమములు కుదిరిన తరువాతి మాట.

పొలమునకు పంపుటకు గొప్ప యంత్రము లక్కఱలేదు. ఇందూరులో ఆల్బర్టు హోవార్డు, యశవంత వాడ్ గార్లు 1931 నాటికే చెత్తను ఎరువుగా మార్చు పద్ధతిని కుదిర్చి ప్రకటించిరి. ఆ సూత్రమే ఇక్కడ పనికివచ్చును. ఈకలో నత్రజని మెండు, కర్బనము తక్కువ. వరిగడ్డిలో కర్బనము మెండు, నత్రజని తక్కువ. ఒకటి లోటు పడినదానిని రెండవది తీర్చును. నత్రజని ఒక పాలునకు కర్బనము ముప్పది పాళ్లుగా కుదురునట్లు రెంటిని పొరలుపొరలుగా పేర్చి, తడిపి, వారమున కొకమాఱు తిరుగవేసినచో కుప్ప నడుమ వేడిమి 55 డిగ్రీలు దాటును. ఆ వేడిమికి రోగక్రిములలో చాలభాగము చచ్చును. ఈకను తిను బాసిల్లస్సులు బలియును. యంత్రపుకోతల తరువాత పొలములో తగులబెట్టుచున్న గడ్డికి కూడ ఇచ్చట ఒక గతి కలుగును. గడ్డి తక్కువై ఈక ఎక్కువైనచో నత్రజని అమ్మోనియాయై కంపుకొట్టి గాలిపాలగును. కనుక కొలత తప్పరాదు. ఇది పట్టణముల కనువైన మార్గము. కోళ్లు వేలకొలది ఒక్కచోట తెగు కేంద్రములలో తొట్లు కట్టి, జీవిని ఎంచి పెంచి, ఎంజైమును, రసమును తీయు పెద్ద మార్గము నడుపవచ్చును.

ఇక ఎవరి విధి యేమి? పురపాలక సంఘములు మాంసపు దుకాణములకు అనుమతి నిచ్చునపుడే, ఈకలకు ఒకటి, ప్రేగులకు నెత్తురునకు ఒకటి, రెండు మూతపీపాలు ఉండవలెనని నియమింపవలెను. ఘనవ్యర్థములను పుట్టినచోటనే వేఱుచేయవలెనని కేంద్రప్రభుత్వము 2016లోనే నిబంధనలు చేసినది. మాంసపు దుకాణమునకు అది వర్తింపదని ఎవ్వరును చెప్పలేదు. ప్రతిదినము నియమితమైన వేళకు మూతబండి వచ్చి పీపాలను తీసికొనిపోవలెను. ఆ బండితో పనిచేయువారికి చేతితొడుగులు, బూట్లు, టీకాలు, న్యాయమైన జీతము ఉండవలెను. దుకాణదారులు సంఘముగ కూడి, ఈ వ్యయములో తమ పాలు భరింపవలెను. నేడు రాత్రివేళ ఎవరికో ఇచ్చుచున్న దానికంటె అది గౌరవప్రదము. కోళ్లపరిశ్రమలో లాభము గడించు పెద్ద సంస్థలు దాణాకు, టీకాలకు వెచ్చించినట్లే ఈకకు కూడ కొంత వెచ్చింపవలెను. పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయములు తమ ఊరి మట్టిలోని జీవులను ఎంచి, ఒక్కొక్క పట్టణమునైనను దత్తత గొని, పని చేసి చూపవలెను. తయారైన ఎరువును ప్రభుత్వము పరీక్షించి, ముద్రవేసి, రైతునకు నమ్మకము కలిగింపవలెను. చేపల చెరువులపై నున్న నిషేధమును రాత్రివేళ కూడ నిషేధముగనే యుంచవలెను.

చివరకు పౌరుని విధి. ఈ పత్రికను పఠనమందిరమున చదువు సోదరులు వచ్చు ఆదివారము దుకాణమునకు పోయినపుడు, మాంసము తూచినవానిని ఒక్క ప్రశ్న అడుగుదురుగాక: 'అయ్యా, ఈకలు ఎక్కడికి పోవును?' అని. వాడు తెలియదనినచో వార్డు సభ్యుని అడుగుదురుగాక. ఆయనయు తెలియదనినచో పురపాలక సంఘ సమావేశమున అర్జీ పెట్టుదురుగాక. కరోలినాలో ఒక ఆచార్యుడు తొట్టియొద్ద నిలిచి అడిగిన ప్రశ్నయే ఇది. నూఱుమంది పౌరులు అడిగినచో అది పాలనకు ప్రశ్న యగును.

దేశాభిమానము పర్వదినములందు జెండా యెగురవేయుటతో తీరునది కాదు. మన నేల సారము మన నేలకే మరల చేర్చుట, మన కాలువలో దిగు మనుష్యుని చేతులను ఆ మురికినుండి తప్పించుట, మన చెరువు నీటిని కాపాడుకొనుట – ఇవియు దేశసేవలే. ఈకను మట్టిగా మార్చు సేవకులు మన కాళ్లక్రిందనే యున్నారు. వారు జీత మడుగరు, సెలవు కోరరు. వెచ్చదనము, తడి, తగిన తావు కల్పించినచో వారి పని వారు చేసికొనిపోవుదురు. ఆ తావు కల్పించుట మాత్రము మన పని. దానిని మన పురపాలక సంఘములు ఈ వానకాలము వచ్చులోపలనే మొదలుపెట్టవలెనని మా కోరిక.